మంగళవారం, సాయంత్రం ఏడున్నర

మార్చి 13, గురువారం

శాంతిని చనిపోయింది.

నిన్న పొద్దున మా బ్లాకు వెనక కాలువలో, చెత్త తీసేవాళ్ళకి కనిపించిందట. తల వెనక దెబ్బ ఉందని అందరూ అంటున్నారు. పోలీసులు మాత్రం అసహజ మరణం, విచారణ జరుగుతోంది అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు. మంగళవారం సాయంత్రం నుంచి ఫోను పలకలేదట.

ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. మలేసియాలో బాగన్ దాతో అనే ఊరు వాళ్ళది. ఇక్కడ సింగపూర్‌లో, బూన్ లే పేటలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర అసిస్టెంటుగా చేస్తూ పక్క బ్లాకులో ఒక గది అద్దెకి తీసుకుని ఉండేది. ఆదివారం నేను చెప్పే తెలుగు క్లాసుకి వచ్చి, ఎనిమిదేళ్ళ పిల్లల పక్కన ఇరుక్కుని కూర్చుని గుణింతాలు రాసేది.

సాయంత్రం నిఖిల కాలేజీ నుంచి వచ్చి, "అమ్మా, యు న్యూ హర్ ఆ?" అంది.

"క్లాసులో చూసేదాన్ని. ముఖపరిచయం" అన్నాను.

సోమవారం ఉగాది కార్యక్రమం మీటింగ్ అయింది. ఇంకేమీ జరగలేదు.

మార్చి 14

అన్నం సయించలేదు. మా ఆయన, "నీకేమవుతుందని ఇంత బాధ?" అన్నారు. నిజమే. ఏమీ కాదు.

మార్చి 15, శనివారం

కౌశిక్ అని బిషాన్‌లో ఉండే అబ్బాయి, ఏదో బ్యాంకులో ఐటీ పని, టెలిగ్రామ్‌లో "శాంతినికి న్యాయం" అని ఒక గ్రూపు పెట్టాడు. మా పేట చోవా చూ కాంగ్‌లో తెలుగువాళ్ళందరం పొద్దున్నే చేరాం. "ఆ ఏరియాలో ఉండేటోళ్ళు ఏం చూసినా రాయండి. చిన్నదైనా సరే. పోలీసులకి కనిపించనివి మనకి కనిపిస్తయ్" అని రాశాడు.

నాకు ఒక వ్యాన్ గుర్తుంది. వంటింటి కిటికీలోంచి కాలువ పక్క దారి కనిపిస్తుంది. నాలుగో అంతస్తు కాబట్టి బాగానే కనిపిస్తుంది. తెల్ల స్కూలు వ్యాన్. లైట్లు ఆపి ఉంది. కుక్కర్ మూడో కూతకి కట్టేస్తూ చూశాను.

ఏ రోజు? మంగళవారం. ఆ పిల్ల మాయమైంది మంగళవారమే కదా. మంగళవారమే అయ్యుండాలి.

రాశాను. "మంగళవారం సాయంత్రం ఏడున్నరకి కాలువ పక్కన ఒక తెల్ల స్కూలు వ్యాన్ లైట్లు ఆర్పి నిలబడి ఉంది. లోపల మనిషి ఉన్నాడు. నా కళ్ళతో చూశాను. – హైమావతి." చాలామంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. నేను తెలుగులోనే రాశాను. టీచర్ని కదా.

గంటలో మూడువందల మంది ఎర్ర గుండె పెట్టారు.

మార్చి 16

కౌశిక్ ఫోన్ చేశాడు. "ఆంటీ, మీరే మెయిన్ విట్‌నెస్. మిమ్మల్ని అడ్మిన్ చేస్తున్నా. మీరు ఉంటే గ్రూపుకి వెయిట్ ఉంటది."

గ్రూపులో రెండువేల మందయ్యారు. ఒకావిడ సెంగ్‌కాంగ్ నుంచి, "మీలాంటివాళ్ళు ఉండబట్టే మా ఆడపిల్లలు బయట తిరగగలుగుతున్నారు" అని రాసింది. ఆ మెసేజీ నాలుగుసార్లు చదువుకున్నాను.

మార్చి 18

పోలీసులు పిలిచారు. చిన్న ఇన్‌స్పెక్టరమ్మాయి. తలకి తుడుంగ్ అనే ముసుగుగుడ్డ కట్టుకుని, ఎంతో నెమ్మదిగా మాట్లాడింది. నేను వ్యాన్ సంగతి చెప్పాను. ఆ అమ్మాయి రాసుకుని, "మంగళవారమేనా? ఖచ్చితంగా?" అంది. ఖచ్చితంగా అన్నాను.

"చనిపోయినామెతో మీకు పరిచయం ఉందా?"

"ఆదివారం క్లాసుకి వచ్చేది."

"ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడారు?"

"ఆదివారమే."

సంతకం పెట్టి వచ్చాను.

మార్చి 20

వ్యాన్ ఎవరిదో కనిపెట్టేశారు. ఎవరో మా కార్ పార్కులో ఉన్న తెల్ల స్కూలు వ్యాన్లన్నీ ఫోటోలు తీసి పెట్టారు. శాంతిని రోజూ పొద్దున ఒక వ్యాన్ ఎక్కి బూన్ లే వెళ్ళేదని ఇంకెవరో రాశారు. రెండూ కలిపితే ఒక్కటే వ్యాన్.

పరశురాముడుగారిది.

నాకు ఆయన తెలుసు. అరవై రెండేళ్ళుంటాయి. వీళ్ళదీ బాగన్ దాతోనే. ఇక్కడికి వచ్చి ముప్పై నాలుగేళ్ళు. పిల్లలు లేరు. స్కూలు పిల్లల్ని దింపుతాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. భార్య పాపమ్మ కూడా నా క్లాసుకి వస్తుంది. ఇంట్లో తాతలనాటి నుంచి తెలుగే మాట్లాడుకున్నా అక్షరాలు రావు. యాభై ఎనిమిదేళ్ళకి అ ఆలు మొదలుపెట్టింది.

నేను ఆయన పేరు రాయలేదు. నేను వ్యాన్ అన్నాను, అంతే. ఆయనే అని నేను ఎక్కడా అనలేదు.

కౌశిక్ అడిగాడు, "ఆంటీ, ఆయన బిహేవియర్ ఎట్లుంటది?"

"ఎవరితోనూ కలవడు" అన్నాను. ఉన్నమాటే కదా.

మార్చి 22

ఈ రెండు రోజుల్లో గ్రూపులో వచ్చినవి: ఆయన మీద మలేసియాలో పాత కేసు ఉందట, ఇరవై ఏళ్ళ కిందటి పేపరు ముక్క పెట్టారు. బుధవారం ఉదయమే సరిహద్దు దాటి జోహోర్ పారిపోయాడట. వ్యాన్ లోపల నేల మీద ఎర్రటి మరక ఉందట, దానికీ ఫోటో ఉంది. శవపరీక్ష గదిలో పనిచేసే నర్సు మాట్లాడినట్టు ఒక వాయిస్ మెసేజీ కూడా వచ్చింది. ఆవిడ ఎవరో ఎవరికీ తెలియదు, కాని ఏడుస్తూ మాట్లాడింది.

నాలుగువేల ఎనిమిది వందల మంది. అన్నిటి పైనా నా పోస్టు పిన్ చేసి ఉంది.

నేను మాత్రం ఆ పిల్ల కోసమే చేస్తున్నాను.

మార్చి 23, ఆదివారం

క్లాసుకి పాపమ్మ రాలేదు.

సాయంత్రం హేమమాలిని అని ఒకామె గ్రూపులో రాసింది. శాంతినితో పాటు ఆ క్లినిక్‌లో పనిచేస్తుందట. "మంగళవారం ఏడున్నరకి పరశురాముడు అంకుల్ బూన్ లేలో ఉన్నారు. ట్యూషన్ నుంచి మా అబ్బాయిని ఎక్కించుకున్నారు. వ్యాన్‌లో ఎర్రమరక మా వాడు ఒలకబోసిన రోజ్ సిరప్. ఆ పేపరులో ఉన్నది వేరే పరశురాముడు. దయచేసి ఆపండి."

కింద ముప్పై మంది ఆమె మీద పడ్డారు. ఆ అంకుల్‌కి ఈమె ఏమవుతుందని అడిగారు. కౌశిక్ నాకు విడిగా మెసేజీ పెట్టాడు. "ఆంటీ, వీళ్ళు కేసుని డైవర్ట్ చేయనీకి వస్తరు. తీసేయండి."

తీసేశాను. ఆమె రాసినదీ, ఆమెనీ. రెండుసార్లు వేలితో నొక్కితే అయిపోయింది.

నేను నా కళ్ళతో చూశాను. ఆమె చూడలేదు.

మార్చి 25

పోలీసులు ఆయన్ని పిలిచి, సాయంత్రానికి వదిలేశారు. గ్రూపంతా మండిపోతోంది. వదిలేశారంటే వెనక ఎవరో ఉన్నారని అంటున్నారు. నాకూ అలాగే అనిపిస్తోంది.

మార్చి 29

ఆయన తలుపు మీద ఎర్రరంగు పోశారట. ఫోటో చూశాను. పాపమ్మ బకెట్టూ బ్రష్షూ పట్టుకుని ఉంది. ఎవరు తీశారో ఆ ఫోటో.

నేను "ఇలాంటి పనులు చేయకండి" అని రాశాను. ఎవరూ పట్టించుకోలేదు. ఒకతను, "మీరు పెద్ద మనసుతో అంటున్నారు టీచర్, వాడికి అది తగదు" అన్నాడు.

మార్చి 30

ఉగాది. కార్యక్రమం మొదట్లో శాంతిని కోసం రెండు నిమిషాలు నిలబడ్డాం. అందరూ నా వైపే చూస్తున్నారు. నా క్లాసు పిల్లాడు వరుణ్ వాళ్ళమ్మ వచ్చి నా చేయి పట్టుకుంది. పచ్చడి నోట్లో పెట్టుకుంటే ఏ రుచీ తెలియలేదు.

ఏప్రిల్ 5

ఆయన వ్యాన్‌లో పిల్లల్ని ఇక పంపబోమని తల్లిదండ్రులు చెప్పేశారట. స్కూలు కూడా ఇక రావద్దంది. వ్యాన్ కార్ పార్కులోనే ఉంది. అద్దం మీద ఎవరో మసితో ఏదో రాశారు. వంటింటి కిటికీకి పరదా కట్టించాను. ఎండ వస్తోందని.

ఏప్రిల్ 12, శనివారం

మధ్యాహ్నం భోజనాల దగ్గర నిఖిల తన దవడ తడుముకుంటూ, "స్టిల్ నమ్ లా, వన్ మంత్ ఆల్రెడీ" అంది. జ్ఞానదంతం తీయించుకుని నెల అయిందట. నేను ఆ మాటకి ఏదో అని, ఇంకేదో మాట్లాడుతూ "ఆ వ్యాన్ చూసిన రోజు..." అన్నాను.

నిఖిల చెంచా కింద పెట్టింది. "అమ్మా, యు సా ద వ్యాన్ ఆన్ ట్యూస్‌డే?"

"అవును."

"హౌ కెన్? ట్యూస్‌డే నువ్వు నాతో బిషాన్‌లో ఉన్నావ్ లా. మై టూత్. వీ కేమ్ బ్యాక్ ఆల్మోస్ట్ నైన్. టాక్సీలో నువ్వే నా చెంపకి ఐస్ పట్టుకున్నావ్."

నేను అది వేరే రోజు అన్నాను. అది నా వైపు చూస్తూ ఉండిపోయింది. ప్లేటు తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 13

నిఖిల పొరపాటు పడి ఉంటుంది. పిల్లలకి తేదీలు గుర్తుండవు.

ఏప్రిల్ 14

ఫోనులో క్లినిక్ వాళ్ళ మెసేజీ ఉంది. మార్చి 11, మంగళవారం, 6:45, బిషాన్.

అంటే వ్యాన్ సోమవారం.

సోమవారం.

ఏప్రిల్ 16

కౌశిక్‌కి ఫోన్ చేశాను. "బాబూ, రోజు తప్పు చెప్పాను. మంగళవారం నేను ఇంట్లోనే లేను. అది సోమవారం."

"ఆంటీ, సోమవారం అయితే ఆడు రెక్కీ చేసిండు అన్నట్టు. ఒక రోజు ముందు వచ్చి చూసుకున్నడు."

"అది కాదు. ఆయన తప్పు చేశాడనడానికి నా మాట తప్ప ఏముంది?"

"మీ మాట ఒక్కటే కాదు ఆంటీ, చానా ఉన్నయ్. పేపర్ కటింగ్ ఉంది, మరక ఉంది, జోహోర్ పోయిండు..."

"అవన్నీ నా మాట తర్వాతే వచ్చాయి కదయ్యా."

"ఆంటీ, మీరు టెన్షన్ల ఉన్నరు. ఇప్పుడు ఆరువేల మంది ఉన్నరు. ఇప్పుడొచ్చి డే తప్పు అంటే అందరూ కన్‌ఫ్యూజ్ అయితరు. శాంతిని గురించి ఆలోచించండి."

శాంతిని గురించి ఆలోచించమన్నాడు.

ఏప్రిల్ 19

రాశాను. "నేను చెప్పిన రోజు తప్పు. మంగళవారం నేను ఇంట్లో లేను. పరశురాముడుగారికి నా వల్ల జరిగిన అన్యాయానికి క్షమించండి. హేమమాలినిగారిని గ్రూపులోంచి తీసేసింది నేనే. ఆవిడ చెప్పిందే నిజం."

నలభై నిమిషాలు ఉంది ఆ పోస్టు. ఈ లోపలే ఈమెని బెదిరించి ఉంటారని ఒకరు, ఆ అంకుల్ మనుషులు కొనేశారని ఇంకొకరు రాశారు. సెంగ్‌కాంగ్ ఆవిడ "ఛీ" అని ఒక్క అక్షరం పెట్టింది. తర్వాత నా పోస్టు లేదు. నేనూ లేను. గ్రూపు తెరుచుకోలేదు. నిఖిల ఫోనులో చూశాను. పైన పిన్ చేసి నా పాత పోస్టే ఉంది. మంగళవారం సాయంత్రం ఏడున్నర. నా కళ్ళతో చూశాను. హైమావతి.

ఏప్రిల్ 20

ఏమీ లేదు.

ఏప్రిల్ 22

ఏమీ లేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

క్లాసుకి ఎవరూ రాలేదు. బోర్డు తుడిచి, కుర్చీలు సర్ది కూర్చున్నాను. ఇక రాయాలి. ఇది ఎవరూ చదవరు.

సోమవారం, మార్చి పది. వ్యాన్ చూసిన తర్వాత ఇరవై నిమిషాలకి తలుపు కొట్టిన చప్పుడు. నేను ల్యాప్‌టాప్ ముందు ఉగాది మీటింగులో ఉన్నాను. ఒక చెవిలో ఇయర్‌ఫోను. పంచాంగశ్రవణం ఎవరు చేయాలన్న దాని మీద పేచీ నడుస్తోంది, నా పేరు ఎవరూ అనడం లేదని నాకు ఒళ్ళు మండుతోంది. తలుపు తీశాను. శాంతిని. క్లినిక్ బట్టల్లోనే ఉంది.

"ఆంటీ, కాసేపు మీ ఇంట్లో కూచోవచ్చా? ఊరికే."

"ఏమ్మా, ఏమైంది?"

"ఏం లేదు ఆంటీ. ఒక మాట అడగాలి. మీరు బిజీయా?"

"మీటింగులో ఉన్నాను తల్లీ. రేపు రా."

"సరే ఆంటీ. సారీ ఆంటీ." నవ్వింది. మెట్ల వైపు ఒకసారి చూసింది. లిఫ్టు వైపు వెళ్ళింది.

ఆ రేపు నేను ఇంట్లో లేను. రేపు రమ్మన్న సంగతి కూడా ఆ పూట గుర్తు రాలేదు. వచ్చి ఉంటే తాళం చూసి ఉంటుంది.

ఇది నేను మర్చిపోలేదు. ఒక్క రోజు కూడా మర్చిపోలేదు. శవం దొరికిందని తెలిసిన క్షణం నుంచీ ఉంది. దీని మీద వ్యాన్‌ని తెచ్చి నిలబెట్టాను. ఎవడో ఒకడు దొరికితే, నేను రేపు రమ్మన్నది చిన్న విషయమైపోతుందనుకున్నాను.

మే 10, శనివారం

వెళ్ళాను. పది రోజులు పాపమ్మ వాళ్ళ బ్లాకు కింద దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఈ రోజు పైకి వెళ్ళాను.

తలుపు మీద ఎర్రరంగు పూర్తిగా పోలేదు. చెక్క గీతల్లో ఉండిపోయింది. పాపమ్మ తలుపు తీసింది.

"టీచరమ్మా! రండి, లోపలికి రండి."

హాలంతా అట్టపెట్టెలు. బాగన్ దాతో వెళ్ళిపోతున్నారు. పరశురాముడుగారు కుర్చీలో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. కుడిచేయి ఒళ్ళో పడి ఉంది, పక్షవాతం వచ్చిందట. నన్ను చూడలేదు. పాపమ్మ లోపలికెళ్ళి కాఫీ కలిపి తెచ్చింది. పెట్టెలో సర్దేసిన కప్పుని మళ్ళీ విప్పి తీసినట్టుంది, కప్పుకి కాగితం ముక్క అంటుకుని ఉంది.

"పాపమ్మగారూ, నేనొక మాట చెప్పాలి."

"కాఫీ తాగండి ముందు."

"ఆ గ్రూపులో మొదట రాసింది..."

"మీరే. తెల్సు." గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాను. "నానే సదివేను టీచరమ్మా. ఎవురో నాకు పంపేరు. ఇంగిలీసులో ఉంటే నాకు రాదు, మీది తెలుగులో ఉంది కదా. మీరు నేర్పిన అచ్చరాలే. కూడబలుక్కుని సదివేను. 'వ్యాన్' కాడ ఆ ఒత్తు తెలీక ఆగిపోయేను. ఈయనకి ఒక్కో ముక్కా ఇనిపించేను. మా గురించని మాకు తెలీదు కదా. ఈయన, 'అయ్యో, మంగళారం నానక్కడుంటే బాగుణ్ణు, వాణ్ణి సూద్దును' అన్నారు."

నేను కాఫీ కింద పెట్టేశాను. క్షమించమన్నాను. ఎన్నిసార్లు అన్నానో. ఆవిడ నా భుజం మీద చేయి వేసి "తాక్ ఆపా, తాక్ ఆపా" అంది. మలై మాట, పరవాలేదని. ఆవిడ అంది. ఆయన అనలేదు.

తర్వాత ఆయనే మాట్లాడారు, కిటికీ వైపే చూస్తూ. "సోమారం నాను ఉన్నాను అక్కడ. అది నిజమే. ఆ పిల్ల సెప్పింది, అంకుల్, రెండు మూడు దినాల బట్టి ట్రైన్ దిగిన కాణ్ణించి ఎవుడో ఎనకాల వత్తన్నాడు అని. మొకం సూళ్ళేదంట. పోలీసుకి సెప్పమన్నాను. ఎవుర్నైనా తోడు తీసుకుని ఎల్తాను అంకుల్ అన్నాది. ఆ దినం నానే ఎక్కించుకొచ్చి దింపేను. లైట్లు ఆర్పేసి సూత్తా కూచున్నాను, ఎవుడైనా ఎనకాల ఎల్తాడేమోనని. మూల తిరిగింది. ఇంటికెళ్ళిపోయిందనుకున్నాను."

ఇంటికి వెళ్ళలేదు. మూల తిరిగితే మా బ్లాకు.

"మా ఇంటికి వచ్చింది" అన్నాను. "ఆ సాయంత్రం. నేను రేపు రమ్మన్నాను."

అప్పుడు ఆయన నా వైపు తిరిగారు. మొదటిసారి.

"మీ ఇంటికా? మరి పోలీసోళ్ళకి సెప్పేరా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"నాను ఇంటికెళ్ళిపోయిందని సెప్పేను వాళ్ళకి. అదే రాసుకున్నారు. మీరు సెప్పుంటే..." ఆగిపోయారు. పాపమ్మ వెళ్ళి ఆయన కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "సాల్లెండి" అంది. ఎవరితో అందో తెలియలేదు.

మే 12

ఇన్‌స్పెక్టరమ్మాయి నన్ను గుర్తుపట్టింది. మొత్తం చెప్పాను. రోజు తప్పని చెప్పాను. శాంతిని మా ఇంటికి వచ్చిందని చెప్పాను. మెట్ల వైపు చూసిందని చెప్పాను.

వ్యాన్ సంగతి వినగానే, "అది మాకు మార్చిలోనే తెలుసు మేడమ్. మంగళవారం ఆయన ఎక్కడున్నారో పూర్తిగా చూశాం. అందుకే పంపించేశాం" అంది.

అంటే నా అబద్ధం పోలీసుల దగ్గర ఒక్క పూట కూడా నిలవలేదు. బయట మాత్రం నిలిచింది.

రెండో సంగతికి ఆ అమ్మాయి పెన్ను ఆపింది. "సోమవారం ఆమె మీ బ్లాకుకి వచ్చిందా?"

"అవును."

"మీ బ్లాకు లిఫ్టు కెమెరా రికార్డింగు మేం తీసుకోలేదు. ఆమె అక్కడికి వచ్చిందని ఎవరూ చెప్పలేదు. వెనకాల ఎవరైనా వచ్చి ఉంటే అందులో ఉండేవాడు."

"ఇప్పుడు చూడొచ్చు కదా?"

"నెల రోజులే ఉంటుంది మేడమ్. తర్వాత దాని మీదే కొత్తది రికార్డవుతుంది."

నేను లెక్కపెట్టాను, అక్కడే కూర్చుని, వేళ్ళ మీద. మార్చి పద్దెనిమిదిన ఇదే కుర్చీలో కూర్చున్నాను. అప్పటికి ఎనిమిది రోజులు. ఇంకా ఇరవై రెండు రోజులు వాడి ముఖం ఆ డబ్బాలో ఉంది. ఆ ఇరవై రెండు రోజులూ నేను అడ్మిన్‌ని.

ఆ అమ్మాయి నన్ను తిట్టలేదు. గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది.

మే 13

ఇంట్లో చెప్పాను. మా ఆయన "ఇదెవరికీ చెప్పకు" అన్నారు. నిఖిల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

జూన్ 8

వాళ్ళు వెళ్ళిపోయారు. లారీ వచ్చి సామాను ఎక్కించుకుంది. ముప్పై నాలుగేళ్ళ సామాను గంటన్నరలో ఎక్కేసింది. దిగి వెళ్దామనుకున్నాను. పరదా సందులోంచి చూశాను. ఆయన్ని ఇద్దరు పట్టుకుని కారెక్కించారు.

జూన్ 9

వెళ్ళి ఉండాల్సింది.

ఆగస్టు 17

నర్సరావుపేట నుంచి మా చెల్లెలు వీడియో పంపింది. "అక్కా, మీ సింగపూర్ కేసంట, చూశావా? ఘోరం." ఏదో యూట్యూబ్ ఛానెల్. భయపెట్టే సంగీతం. పరశురాముడుగారి ఫోటో, కళ్ళ చుట్టూ ఎర్ర సున్నా. ఒక మగగొంతు చదువుతోంది: "మంగళవారం... సాయంత్రం... ఏడున్నర. ఒక తెలుగు టీచర్ తన కళ్ళతో చూసింది." తొమ్మిది లక్షల మంది చూశారట.

చెల్లెలికి ఫోన్ చేసి అది అబద్ధమని చెప్పాను. "నీకెలా తెలుసు?" అంది. "అది రాసింది నేనే" అన్నాను. నవ్వింది. నేను వేళాకోళం ఆడుతున్నాననుకుంది. మళ్ళీ చెప్పాను. "సర్లే, నిప్పు లేకుండా అంతమంది ఊరికే అంటారా" అంది నా చెల్లెలు.

ఆ ఛానెల్ వాళ్ళకి నాలుగుసార్లు రాశాను. జవాబు లేదు.

సెప్టెంబర్ 2

హేమమాలినిగారిని వెతికి పట్టుకుని క్షమాపణ చెప్పాను. విని, "మా అబ్బాయి ఇప్పటికీ వ్యాన్ అంకుల్ ఏడీ అని అడుగుతాడు" అని ఫోన్ పెట్టేసింది.

అక్టోబర్ 11

పాపమ్మ నుంచి ఫోను. పరశురాముడుగారు పోయారు. మొన్న గురువారం. రెండోసారి పక్షవాతం వచ్చిందట. "మీకు సెప్పాలనిపించింది టీచరమ్మా" అంది. ఆఖర్న ఏమైనా అన్నారా అని అడిగాను. అడగకూడదు. అడిగాను.

"ఆ పిల్ల ఎనకాల వచ్చినోడు దొరికేడా అని అడిగేవోరు, దినామూ. లేదనేదాన్ని."

నవంబర్ 19, బుధవారం

కరోనర్ కోర్టు, అసహజ మరణాల మీద విచారణ చేసేది. నా స్టేట్‌మెంట్ చదివారు. నేను లేచి, అది నాదేనని చెప్పాను. వెనక వరసలో పేపరువాళ్ళు ఇద్దరు ఉన్నారు. గ్రూపువాళ్ళు ఒక్కరూ రాలేదు. ఆ గ్రూపు పేరు ఇప్పుడు మారింది, జూరాంగ్‌లో ఇంకో కేసు పట్టుకున్నారని నిఖిల చెప్పింది.

తీర్పు అరగంట. దెబ్బ కింద పడటం వల్ల తగిలిందో, ఎవరైనా కొట్టడం వల్లో చెప్పలేం. వెంబడించిన వ్యక్తి ఉన్నాడని నమ్మడానికి ఆధారాలున్నాయి, అతనెవరో తేల్చడానికి లేవు. తేలని మరణంగా నమోదు. అంతే. అందరూ లేచారు, నేనూ లేచాను.

బయట వరండాలో శాంతిని వాళ్ళమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. పొట్టి మనిషి. చేతిలో పెద్ద ప్లాస్టిక్ కవరు, అందులో ఇన్నాళ్ళూ పోలీసుల దగ్గర ఉన్న పిల్ల సామాను. నేను పక్కనుంచి వెళ్ళిపోవాలనే అనుకున్నాను. ఆవిడే పిలిచింది.

"మీరేనామ్మా, మా పిల్ల మీ ఇంటికొచ్చిందని సెప్పింది?"

"అవునండీ."

"కూచోండి." కూర్చున్నాను. "బయపడినట్టు ఉన్నాదా?"

"నవ్వింది. సారీ ఆంటీ అంది."

"అంతే అది. ఎవుర్నీ కష్టపెట్టదు." కవరు ఒళ్ళోకి తీసుకుంది. "అన్నం తిన్నాదో లేదో. మీరు అడిగేరా?"

"లేదండీ."

ఆవిడ కవరు మూతి ముడి సరిచేసుకుంది. తర్వాత మామూలుగా, ఊళ్ళో ఇల్లు ఎలా ఉంటుందని అడిగినట్టు అడిగింది. "ఈ ఊళ్ళో తలుపుకి బయట ఇనప గేటు కూడా ఉంటాది కదమ్మా. అది తీసేరా?"

స్టేట్‌మెంట్‌లో తలుపు తీశాను అని ఉంది. ఈ డైరీలోనూ అలాగే రాశాను. ఎవరూ ఇంకేం అడగలేదు. ఇన్‌స్పెక్టరమ్మాయి అడగలేదు, జడ్జి అడగలేదు, పరశురాముడుగారు అడగలేదు.

"లేదండీ" అన్నాను. "గేటు తీయలేదు. ఊచల్లోంచే మాట్లాడాను."

ఆవిడ తల ఊపింది. కవరు పట్టుకుని లేచింది. బస్సుకి టైమవుతోంది అంది.